ఆ వాసన ఏ చెట్టుది?

కిందటేడు దసరా వెళ్ళి వారం రోజులైంది. రాత్రి భోజనం ముగించి, కిటికీ తలుపు తీసి పడకకుర్చీలో వాలానో లేదో, గుప్పున ఒక వాసన గదిలోకి వచ్చింది. మొదట బాగానే ఉంది. ఏదో తీపి, దానిలో కొంచెం ఘాటు. పావుగంట గడిచేసరికి తీపి పోయి ఘాటే మిగిలింది. అరగంటకు కణతలు పట్టుకున్నాయి. లేచి కిటికీ మూసేశాను.

"కొత్తరకం అగరువత్తులేమైనా కొన్నావా అమ్మా?" అని కోడల్ని అడిగాను.

"లేదు మామయ్యగారూ. పై అంతస్తువాళ్ళు సెంటుబుడ్డి ఒలకబోసుకున్నారేమోనని నేననుకుంటున్నాను" అంది.

పై అంతస్తువారు మమ్మల్ని అనుమానించారట. మర్నాడు మెట్లమీద కలుసుకున్నప్పుడు ఇద్దరమూ నిర్దోషులమని తేలింది. నేరం వీధిలో ఉన్న చెట్టుది. మేము విశాఖపట్నంలో ఆ ఇంట్లో చేరింది జూన్‌లో. అప్పటినుంచీ ఆ చెట్ల నీడనే నడుస్తున్నాము. మా ప్రహరీ వెంట అవి అయిదున్నాయి. నున్నగా మెరిసే ఆకులు, గొడుగుమీద గొడుగు పెట్టినట్లు అంతస్తులుగా కొమ్మలు. చూడముచ్చటగా ఉండేవి. వాటి పేరేమిటని ఒక్కనాడూ అడగలేదు. నీడనిచ్చేదాని పేరు ఎవరడుగుతారు?

వాసన ఇబ్బందితో ఆగిపోతే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. మా ఎదురువాటాలో ఏడేళ్ళ కుర్రవాడున్నాడు. వాడికి ఉబ్బసం. అయిదింటిలోనూ ఒక చెట్టు సరిగ్గా వాడు పడుకునే గది కిటికీకి ఆనుకుని పెరిగింది. ఆ వారంలో మూడు రాత్రులు వాడు దిండుకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు. నాలుగోనాడు వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మాష్టారూ, ఆదివారం అసోసియేషన్ మీటింగులో మీరు నావైపు మాట్లాడాలి. ఆ చెట్లన్నీ కొట్టించేదాకా నేను ఊరుకోను" అంది.

అయిదుగురు, అయిదు పేర్లు

ఆదివారం సాయంత్రం కింద కార్లు నిలిపేచోట కుర్చీలు వేశారు. కొట్టించాలనేవారు ఒకవైపు, వద్దనేవారు ఒకవైపు. రెండు పక్షాలవారూ గట్టిగానే వాదించారు. ఇంతకూ అది ఏం చెట్టని అడిగేసరికి మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కాడమల్లె అండీ. మా పుట్టింటి వీధిలో ఉండేది. రాత్రిళ్ళు ఇలాగే వాసన" అన్నారు రెండో అంతస్తు పెద్దావిడ.

"కాదమ్మా, బూరుగ. ఒక్కచోటినుంచి ఏడేసి ఆకులు రావడం లేదూ?" అన్నారు పల్లెటూరినుంచి వచ్చిన ఒకాయన.

"పత్రికల్లో గోల అవుతున్న కోనోకార్పస్ ఇదే. విదేశీ మొక్క. ప్రభుత్వమే నాటవద్దంది" అన్నాడు ఒక యువకుడు.

"నైట్ క్వీన్" అంది అతని భార్య, అంతే ధీమాగా.

గేటుదగ్గర నిలబడ్డ వాచ్‌మన్ మాత్రం గొంతు తగ్గించి, "అది దెయ్యాల చెట్టంటారు బాబూ. రాత్రిపూట దాని కింద పడుకోకూడదంట" అన్నాడు. అందరూ నవ్వారు. నిజానికి దగ్గరగా వచ్చినవాడు అతనొక్కడేనని తరువాత తెలిసింది.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు ఫోను తీసి, కిందనుంచి ఒక ఫొటో తీసింది. బొమ్మ చూపిస్తే పేరు చెప్పే విద్య ఇప్పుడు ఫోనులలో ఉంది కదా. అది మూడు పేర్లు చూపించింది. మూడూ మూడు రకాల చెట్లు. చీకట్లో, కిందనుంచి తీసిన ఫొటోలో ఆకుల నలుపు తప్ప ఇంకేమీ లేదు. పాపం, ఫోను మాత్రం ఏం చేస్తుంది?

నేను లేచి, "వారం రోజులు గడువివ్వండి. ముద్దాయి పేరైనా తెలియకుండా ఉరిశిక్ష వేయడం ఏ కోర్టులోనూ లేదు" అన్నాను.

నవ్వారుగాని కుర్రవాడి తల్లి నవ్వలేదు. "ఈ వారం రోజులూ నా బిడ్డ ఎలా పడుకోవాలి మాష్టారూ?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రినుంచి వాణ్ణి అవతలివైపు గదిలోకి మార్చారు. నేను మాత్రం ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని మెట్లెక్కాను.

ఆకు దగ్గర మొదలు

నేను ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. వృక్షశాస్త్రం నాకు తెలియదు. అయితే లెక్కల్లో ఒక పద్ధతి ఉంది. ఏది అవునో తెలియనప్పుడు, ఏవి కావో ఒక్కొక్కటే కొట్టివేస్తూ రావాలి. తెల్లవారగానే నేనూ, మనుమరాలూ తోటమాలిచేత చిన్న కొమ్మ ఒకటి కోయించి, పాత వార్తాపత్రిక పరిచి దానిమీద పెట్టుకున్నాము. ఆకులు, మొగ్గలు, పూలు అన్నీ ఉన్న కొమ్మ. ఒక్క ఆకో, రాలిన పువ్వో తెచ్చుకుంటే సగం సాక్ష్యం పోతుంది.

మొదట ఆకు. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటి ఉంది. మనం వేపరెమ్మ అనుకునేది నిజానికి ఒకే ఒక ఆకు. ఆ రెమ్మకు ఇరువైపులా ఉన్న రంపపుటంచు పత్రాలు ఆ ఆకులో ముక్కలు. మునగ, చింత కూడా అంతే. బూరుగలో ఆ ముక్కలు చేతివేళ్ళలా ఒక్క బిందువునుంచి విచ్చుకుంటాయి. వాటన్నిటికీ కలిపి కింద పొడుగాటి కాడ ఒకటే ఉంటుంది.

ఆకేదో, ఆకులో ముక్కేదో ఎలా తెలియాలి? మొగ్గను చూడాలి. నిజమైన ఆకు కొమ్మకు అతికేచోట, చంకలో, చిన్న మొగ్గ ఉంటుంది. ఆకుముక్క మొదట్లో మొగ్గ ఉండదు. బూరుగ ఆకు ఎండితే కాడతో సహా మొత్తం ఊడిపడుతుంది. ఈ చెట్టుకింద చూస్తే ఆకులు ఒక్కొక్కటే విడివిడిగా పడి ఉన్నాయి. కొమ్మమీద చూస్తే ఏడాకులూ చక్రంలో ఆకుల్లా కొమ్మ చుట్టూ నేరుగా అతుక్కుని ఉన్నాయి. వాటికి ఉమ్మడి కాడ లేదు. అంటే అవి ఏడు వేళ్ళున్న ఒక ఆకు కాదు, నిజంగానే ఏడు ఆకులు.

బూరుగ కొట్టివేశాము.

కాడమల్లె ఆకు వేపకన్నా ఇంకా చీలి, రెమ్మకు రెమ్మలు వేసినట్లుంటుంది. పువ్వు కూడా పొడుగాటి సన్నని తెల్లని గొట్టం. దాని కాడలను పిల్లలు అల్లుకుంటారు. ఇక్కడ పువ్వు గోరంత కూడా లేదు. అదీ పోయింది. ఇంతకూ పెద్దావిడ చెప్పినదాంట్లో ఒక నిజముంది. కాడమల్లె కూడా శరత్కాలంలోనే పూస్తుంది, రాత్రిపూటే పరిమళిస్తుంది. కాలమూ వాసనా కలిసినంతమాత్రాన చెట్టు కలవదు. నైట్ క్వీన్ అయితే చెట్టే కాదు, గుబురుగా పెరిగే పొద. కోనోకార్పస్ ఆకులు సన్నగా, కొమ్మకు అటొకటి ఇటొకటిగా వస్తాయి. దాని పూలు చిన్నచిన్న గుండీలవంటి గుండ్రని ముద్దలు. ఒకే పూటలో నాలుగు పేర్లూ కొట్టివేయబడ్డాయి.

మిగిలిన ఆకు లక్షణాలు మనుమరాలు నోటుపుస్తకంలో రాసింది. "పైన ముదురాకుపచ్చ, మెరుపు. కింద పాలిపోయిన రంగు. కొస గుండ్రం, మొదలు సన్నం. నడిమి ఈనెనుంచి పక్క ఈనెలు దగ్గరదగ్గరగా, గీతలు గీసినట్లు అంచుదాకా."

గిల్లితే పాలు

అవన్నీ రాసుకుంటూ ఒక ఆకు తుంచేసరికి తెల్లని పాలు బొట్టుగా ఉబికాయి.

ఆ బొట్టు మాకు సగం దారి చూపించింది. పాలు కారే చెట్లు కొన్ని కుటుంబాలవే. మర్రి, రావి ఒక కుటుంబం. జెముడు ఇంకొకటి. మూడోది గన్నేరు కుటుంబం.

ఈ గన్నేరు మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మన పెరళ్ళలో గన్నేరు ఉంది, పచ్చగన్నేరు ఉంది, బిళ్ళగన్నేరు ఉంది, దేవగన్నేరు ఉంది. ఒకటి పొద, ఒకటి నేలమీద జానెడు మొక్క, ఒకటి చెట్టు. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండపు వేడిప్రాంతాలనుంచి వచ్చాయి. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. అవి మన దేశానికి వచ్చినప్పుడు వాటికి పేరు పెట్టినవారు ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. అయినా, పువ్వు ఇలా మెలితిరిగి ఉంది, తుంచితే పాలు వస్తున్నాయి, కనక ఇదీ గన్నేరు చుట్టమేనని ఇంటిపేరు తగిలించారు. వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఈ నాలుగింటినీ ఒకే కుటుంబంలో చేర్చారు. పూజకు కోసుకునే నందివర్ధనం కూడా ఆ కుటుంబానిదే. విశాఖ పక్కనే ఉన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర కూడా ఆ కుటుంబపు చెట్టుదే.

ఒక హెచ్చరిక. పాలు అన్నంతమాత్రాన అవి తాగే పాలు కావు. ఈ కుటుంబంలో చాలా మొక్కలు విషం. గన్నేరు, పచ్చగన్నేరు అన్ని భాగాలూ విషమే. పచ్చగన్నేరు కాయలతో పిల్లలు గచ్చకాయలాడుతూ నోట్లో పెట్టుకుంటే ప్రాణంమీదికి వస్తుంది. తెలియని చెట్టును రుచి చూసి గుర్తుపట్టే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. పాలు చేతికి అంటితే కడుక్కోండి, కంటికి తగలనివ్వకండి.

ఇక పువ్వు. భూతద్దంలో చూస్తే కొమ్మ చివర గుత్తులు గుత్తులుగా, ఆకుపచ్చ కలిసిన తెలుపు రంగులో చిట్టిపూలు. ఒక్కొక్కదానికి చిన్న గొట్టం, దానిమీద అయిదు రేకులు. ఆ రేకులు సరిగ్గా నిలబడవు. పిల్లలు కాగితంతో చేసి గాలికి తిప్పుకునే రంగులరాట్నంలా, ఒకదానిమీద ఒకటి ఒరిగి మెలితిరిగి ఉంటాయి. నందివర్ధనం రేక చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అదే మెలిక, అదే పోలిక.

పై కొమ్మల్లో కిందటేటి కాయలు ఒకటి రెండు ఎండి వేలాడుతున్నాయి. బొబ్బరికాయల్లా సన్నగా, మూరెడు పొడుగున, జంటలు జంటలుగా. విప్పి చూస్తే సన్నని గింజలు, వాటి రెండు కొనలా దూదికుచ్చులు. గాలిలో ఎగిరిపోవడానికి చేసుకున్న ఏర్పాటు.

పాలున్నాయి. మెలితిరిగిన అయిదు రేకులున్నాయి. జంటకాయలున్నాయి. కొమ్మ చుట్టూ ఏడేసి ఆకులున్నాయి. లెక్క పూర్తయింది. జవాబు పేరొక్కటే రావాలి.

పేరు దొరికింది

ఆ కొమ్మను వార్తాపత్రికల మధ్య అణచి, ఒక కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాము. ఆవిడ అర నిమిషం చూసి, అలమారలోంచి ఒక అట్టకాగితం తీశారు. దానికి అతికించి, ఎండిపోయి గోధుమరంగులోకి మారిన మా కొమ్మ తోబుట్టువు కనిపించింది. పక్కన రెంటినీ పెట్టి చూపించారు.

"ఏడాకుల పాల" అన్నారు.

ఏడాకులు, పాలు. మేము రెండు రోజులు కష్టపడి కనిపెట్టినదంతా ఆ పేరులోనే ఉంది! సంస్కృతంలో సప్తపర్ణి. శాస్త్రజ్ఞులు ఆల్‌స్టోనియా స్కోలారిస్ అంటారు. ఆల్‌స్టన్ అనే ఆయన పద్ధెనిమిదో శతాబ్దంలో ఎడిన్‌బరోలో వృక్షశాస్త్రం బోధించిన ఆచార్యుడు. స్కోలారిస్ అంటే బడికి సంబంధించినది. ఈ చెట్టు కర్ర తేలికగా, తెల్లగా, మెత్తగా ఉండడంవల్ల పిల్లలు రాసుకునే పలకలు చేసేవారట. అందుకని 1767లో లిన్నేయస్ ఈ మాట దాని పేరులో చేర్చాడు. మార్కాపురం రాతిపలకమీద ఓనమాలు దిద్దిన నాకు, దెయ్యాల చెట్టు అనిపించుకున్నది ఇంకోచోట పిల్లలకు పలక అయిందని వింటే ఒళ్ళు ఝల్లుమంది.

అన్నట్లు, ఇంగ్లీషులో దానికి దెయ్యపు చెట్టు అనే పేరే ఉంది. కేరళలో యక్షిణులు పాలచెట్టుమీద కాపురముంటారని కథలు. రాత్రిపూట ఎక్కడినుంచో వచ్చి కమ్ముకునే వాసనే ఈ భయానికి మూలమై ఉంటుంది. మా వాచ్‌మన్ మాటకు నవ్వినందుకు ఇంటికి వెళ్ళగానే అతనికి క్షమాపణ చెప్పాను.

ఇంతలో విదేశీ మొక్క అన్న నింద కూడా తొలగింది. ఇది మన దేశపు తేమ అడవులలో అనాదిగా ఉన్న చెట్టు. 1678లో డచ్చివారు అచ్చువేసిన హోర్తూస్ మలబారికస్ మొదటి సంపుటంలోనే "పాల" పేరుతో దీని బొమ్మ ఉంది. అంతకు చాలా ముందే కాళిదాసు చూశాడు. రఘువంశం నాలుగో సర్గలో శరత్కాలాన్ని వర్ణిస్తూ, దీని పూల వాసనను ఏనుగు మదజలం వాసనతో పోల్చాడు. మల్లెతోనో, సంపెంగతోనో పోల్చలేదు చూడండి! ఘాటని ఆనాడే ఆయనకు తెలుసన్నమాట.

బెంగాలులో దీన్ని ఛాతిమ్ అంటారు. పశ్చిమ బెంగాల్ రాష్ట్రవృక్షం అదే. దేవేంద్రనాథ ఠాకూరు విశ్రమించిన ఛాతిమ్ చెట్ల చోటే తరువాత శాంతినికేతనమైంది. విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టభద్రులకు సప్తపర్ణి ఆకులు అందించే ఆచారముండేది. ఒకచోట యక్షిణి ఇల్లు, ఒకచోట సరస్వతి ప్రసాదం. చెట్టు ఒకటే.

సెలవు తీసుకునే ముందు ఆవిడ మరో సంగతి చెప్పారు. పేరు తెలియని చెట్టును గుర్తుపట్టడంలో మన తెలుగుదేశానికి పాత చరిత్రే ఉంది. 1780 ప్రాంతాల్లో సామర్లకోటలో వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరంలోని మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. వాటినుంచి ఎంచిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795కూ 1820కీ మధ్య మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఆయన ఇక్కడివారిని అడిగి తెలుగు పేర్లు కూడా రాసుకునేవాడు. సోమిద అనే మన అడవిచెట్టు శాస్త్రనామం ఈనాటికీ సోయ్‌మిడా. పొలంగట్టు మీది ముసలాయన చెప్పిన పేరు ప్రపంచమంతటా పుస్తకాల్లోకి ఎక్కింది!

తప్పు ఎవరిది?

పేరైతే తెలిసింది. కుర్రవాడి సంగతి?

పేరు తెలిసింది కనకనే ఆ సంగతికి దారి దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు లెక్కకు మించి కూలిపోయాయి. ఎండలో మాడిపోతున్న వీధులకు త్వరగా నీడ కావలసి వచ్చింది. ఏడాకుల పాల త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, చేదుపాలవల్ల పశువులు ముట్టవు. ఇంతకన్నా మంచి మొక్క ఏముంటుందని నగరంలో విరివిగా నాటారు. మొక్క నాటినప్పుడు దానికి పువ్వు లేదు. పువ్వు వచ్చేసరికి చెట్టు మేడ ఎత్తుకు పెరిగింది. అక్టోబరునుంచి డిసెంబరుదాకా వీధులకు వీధులే వాసన వేయడం మొదలుపెట్టాయి.

అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నప్పుడు అది పరిమళం. గాలి మోసుకొచ్చి కొంచెం చూపించి తీసుకుపోతుంది. ఒకే వీధిలో వరసగా, మేడల మధ్య గాలి ఆడనిచోట, కిటికీలకు ఆనించి నాటితే అది ఉక్కిరిబిక్కిరి. పెళ్ళిలో పన్నీరు చల్లితే ఆనందం. బిందెతో నెత్తిన పోస్తే?

కుర్రవాణ్ణి చూసే డాక్టరుగారిని నేనూ వాళ్ళ నాన్నా కలిసి అడిగాము. ఆయన అన్నది ఇది: "ఉబ్బసమున్నవారికి ఘాటువాసన ఏదైనా ఆయాసం తెప్పించవచ్చు. సెంటు, అగరుపొగ, గోడలకు వేసే రంగు, ఏదైనా సరే. పుప్పొడి పడనివారూ ఉంటారు. కాని ఈ రోజుల్లో మంచు మొదలవుతుంది, దుమ్ము పైకి లేవదు, దీపావళి పొగ కలుస్తుంది. అంచేత నేరమంతా చెట్టు నెత్తిన రుద్దకండి. అలాగని చెట్టుకు సంబంధమే లేదనీ నేననను. కిటికీకి ఆనుకున్నదాన్ని దూరం చేయడం మంచిదే. చెట్టు పోయింది కదా అని మందు మానిపిస్తే మాత్రం ఒప్పుకోను."

తరువాతి ఆదివారం మళ్ళీ సమావేశం. ఈసారి మాట్లాడడానికి ఒక విషయముంది. చెట్టుకు ఒక పేరుంది, ఒక గుణముంది, ఒక ఋతువుంది. అయిదింటిలో కిటికీకి ఆనుకున్నదాన్ని తీసివేయాలనీ, తక్కిన నాలుగూ ఉంచాలనీ తీర్మానమైంది. పూలు కొమ్మల చివరలనే వస్తాయి కనక, ఏటా వానాకాలం చివర ఆ నాలుగింటి కొసలు కత్తిరించాలనీ అనుకున్నాము. చెట్టు మన ప్రహరీ పక్కన ఉన్నా మన ఇష్టప్రకారం కొట్టడానికి వీల్లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. అర్జీ పెట్టుకున్నాము. అర్జీలో "ఒక చెట్టు" అని రాయకుండా పేరు రాశాము, ఎందుకు తీయవలసి వచ్చిందో రాశాము. సంక్రాంతికి అనుమతి వచ్చింది. దాని చోట, గోడకు దూరంగా, కానుగ మొక్క పెట్టాము.

చెట్టు పడేటప్పుడు చూడలేక నేను లోపలికి వచ్చేశాను. అందరికన్నా గట్టిగా కొట్టించమన్న ఆ తల్లే బయట నిలబడి చూసి, "నీడ కూడా పోయింది మాష్టారూ" అంది. నిజమే. ఆ వేసవిలో వాళ్ళ గది కాలిపోయింది. నాటినవారు ఆనాడు పది అడుగులు దూరంగా నాటివుంటే నీడా ఉండేది, నిద్రా ఉండేది.

మీ వీధిలో తెలియని చెట్టు ఉంటే

మా అనుభవంతో మీకు నాలుగు మాటలు చెబుతాను.

ఫొటో తీసేటప్పుడు ఒకటి చాలదు. చెట్టు మొత్తం ఒకటి, బెరడు ఒకటి, ఆకులు కొమ్మకు ఎలా అతుక్కున్నాయో దగ్గరినుంచి ఒకటి, పువ్వు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, కాయ ఉంటే కాయ. వీటిని ఫోనుకు చూపిస్తే అదీ మెరుగైన జవాబే చెబుతుంది. మాకు ఒక్కొక్కటిగా పగటివెలుతురులో చూపించినప్పుడు సరైన పేరే చెప్పింది. అయినా దాని మాట సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు.

ఆకులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయా, అటొకటి ఇటొకటిగా ఉన్నాయా, చక్రంలా ఉన్నాయా చూడండి. చంకలో మొగ్గను వెతికి, ఆకేదో ఆకుముక్కేదో తేల్చండి. తుంచితే పాలొస్తాయా, జిగురొస్తుందా, వాసనొస్తుందా గమనించండి. రేకులు లెక్కపెట్టండి. ఏ నెలలో పూసిందో, ఏ వేళ విచ్చుకుందో తేదీ వేసి రాసిపెట్టండి. పూర్తిగా తేలేదాకా ఏ భాగమూ నోట పెట్టకండి. ఏడాకుల పాల బెరడును వైద్యంలో చలిజ్వరాలకు వాడిన మాట నిజమే. అయినా అది వైద్యుడు చూసుకోవలసిన పనిగాని, మనం గిన్నెలో మరిగించుకోవలసిన కషాయం కాదు.

పెద్దవాళ్ళను అడగండి. వారు చెప్పిన పేరు తప్పయినా, ఆ తప్పులో ఒక ఆనవాలు ఉంటుంది. కాడమల్లె అన్నావిడ కాలం సరిగ్గా చెప్పింది. బూరుగ అన్నాయన ఏడు లెక్కపెట్టాడు. దెయ్యమన్నవాడు పేరే చెప్పాడు. చివరగా, దగ్గరలో కళాశాల ఉంటే వృక్షశాస్త్రం చెప్పేవారికి కొమ్మ చూపించండి. వారు విసుక్కుంటారనుకోకండి. మా ఆవిడ టీ ఇచ్చి మరీ పంపించారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ ప్రశ్న మొక్క నాటే రోజునే అడగండి. ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, ఎలా వాసన వేస్తుంది, గోడకు ఎంత దూరాన పెట్టాలి? అయిదు నిమిషాల పని. అది చేయకపోతే పదేళ్ళ తరువాత ఒక చెట్టయినా పోవాలి, ఒక బిడ్డ నిద్రయినా పోవాలి.

ఈ ఏడూ దసరా వెళ్ళింది. కొసలు కత్తిరించిన నాలుగు చెట్లూ తక్కువగానే పూశాయి. వాసన పూర్తిగా పోలేదు, వీధి చివరినుంచి వస్తూనే ఉంది. కుర్రవాడు మందు వాడుతున్నాడు. ఒక్క రాత్రి మాత్రం లేచి కూర్చున్నాడట, తక్కిన రాత్రులు పడుకున్నాడు.

మొన్న సాయంత్రం వాడు గేటుదగ్గర రాలిన కొమ్మకొస ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"తాతగారూ, ఏడాకులన్నారు. దీనికి ఆరే ఉన్నాయి. ఇది వేరే చెట్టా?"

"పేరుకు ఏడు బాబూ. ఒకచోట ఆరుంటాయి, ఒకచోట ఎనిమిదుంటాయి. నువ్వు పేరు నమ్మకుండా లెక్కపెట్టావు చూడు, అదీ పద్ధతి" అన్నాను. "వెళ్ళి ముందు చేతులు కడుక్కో, పాలంటాయి."